చిన్నమ్మ చూసిన ఇంగ్లీష్ పిక్చర్

మా చిన్నమ్మ పోయిందని ఆమె కూతురు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. "అక్కా, అమ్మ ఇగ లేదే" అన్నది. ఆ తర్వాత ఇద్దరికీ మాట రాలేదు. ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే ఉండిపోయాను.

చిన్నమ్మకు ఎప్పుడు ఫోన్ చేసినా మొదట ఇలాంటి నిశ్శబ్దమే ఉండేది. ఎత్తేది కానీ హలో అనేది కాదు. అవతలి గొంతు ఎవరిదో తెలిసేదాకా ఊపిరి బిగబట్టుకుని వినేది. "నేనే చిన్నమ్మా" అంటే, బిగబట్టిన ఊపిరి వదిలిన చప్పుడు ముందు వినిపించేది, ఆ తర్వాతే "ఏం బిడ్డా, మంచిగున్నవా" అనే పలకరింపు. జీవితమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో నౌకరీ చేసిన మనిషికి ఫోనంటే ఇంత బెదురేమిటని అల్లుడు నవ్వేవాడు. ఆమె కూడా నవ్వి ఊరుకునేది. ఆ బెదురు ఎక్కడిదో తెలిసినవాళ్లు మా అమ్మ, బాపు. వాళ్లు ఎప్పుడో పోయారు. ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. ఆమె గురించి చెప్పాలంటే ఆ భయం గురించే చెప్పాలి. అది లేకుండా చెబితే ఆమె మా చిన్నమ్మ కాదు, ఇంకెవరో అవుతుంది.

డెబ్భైల నడుమ ఆమె వరంగల్ వచ్చింది. మా అమ్మకు అందరికన్నా చిన్న చెల్లెలు. నెక్కొండ దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇల్లు వాళ్లది. ఇంటర్ చదివి, పరీక్ష రాసి, ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ నౌకరీ తెచ్చుకుని మా ఇంట్లో దిగింది. బజారులో బాపుకు చిన్న గుడ్డల దుకాణం ఉండేది. దాని వెనక రెండర్రల్లో మా కాపురం. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను. నాకూ చిన్నమ్మకూ ఒకటే మంచం.

చిన్నమ్మ నల్లగా ఉండేది. చామనఛాయ అని సర్దిచెప్పుకునే నలుపు కాదు, చూసినవాళ్లు ఒక క్షణం ఆగి, ఆ తర్వాత "ముక్కు మాత్రం మంచిగుంటది" అనే నలుపు. గొంతు మాత్రం ఎంత చక్కటిదో చెప్పలేను. ఆ రోజుల్లో పక్క ఊరికి మాట్లాడాలన్నా ఎక్స్ఛేంజికి ఫోన్ చేసి, ఆపరేటర్‌ను అడిగి, లైన్ కలిపేదాకా కాచుకోవాల్సిందే. బొంబాయికీ గుంటూరుకీ రోజూ మాట్లాడే మార్కెట్ సేట్లందరికీ ఆమె గొంతు తెలుసు. మా దుకాణానికి వచ్చి కూర్చున్నవాళ్లు అనేవాళ్లు: "ఎక్స్ఛేంజిల ఒక పిల్ల మాట్లాడతది, ఏం గొంతు! పాల మీగడ తీర్గ ఉంటది కావచ్చు పిల్ల." బాపు చిన్నగా నవ్వి గుడ్డ కొలుస్తూ ఉండిపోయేవాడు. ఆ పిల్ల నా మరదలే అని ఒక్కసారీ చెప్పలేదు.

నేను వెళ్లి చిన్నమ్మకు చెబితే ఆమె జడ విప్పుకుంటూ అన్నది, "గొంతుకు రంగుండదు గద బిడ్డా. ఇనెటోళ్లే వాళ్లకు నచ్చిన రంగు పూసుకుంటరు."

చిన్నమ్మకు సినిమా పిచ్చి. ఆదివారం మ్యాట్నీకి ఆడవాళ్ల క్యూలో నిలబడి మా ఇద్దరికీ టికెట్లు తెచ్చేది. ఏ సినిమా అయినా చూసేది, కానీ ఇంటికొచ్చాక ఆమె మాట్లాడేది హీరోహీరోయిన్ల గురించి కాదు. సినిమాలో నల్లగా ఉన్నవాళ్లు ఎవరెవరు, వాళ్లతో ఏం చేయించారు, అదీ ఆమె లెక్క. విలన్ పక్కన కత్తి పట్టుకుని నిలబడేవాడు నల్లగా ఉంటాడు. నవ్వించడానికి తన్నులు తినే పనిమనిషి నల్లగా ఉంటుంది. రాక్షసి సరేసరి. ఒకసారి గూడెం పిల్ల కథ ఒకటి వచ్చింది. హీరోయిన్ ఒళ్లంతా మసిరంగు పూసుకుని, ఈకలు కట్టుకుని, అడవిలో దుంకుతూ డాన్స్ చేసింది. చివరికి వానలో తడిసి రంగు కారిపోతే, ఆమె జమీందారు కూతురని తేలి హీరో పెళ్లి చేసుకున్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. ఇల్లు దగ్గరపడ్డాక చిన్నమ్మ అన్నది:

"ఆమెది కడిగితే పోయే నలుపు. అందుకే పెండ్లయింది."

ఆ యేడే అనుకుంటాను, మా బజారు దగ్గరి టాకీసులో పొద్దుటి ఆటకు ఇంగ్లీష్ ఫైటింగ్ పిక్చర్లు వేయడం మొదలుపెట్టారు. అమెరికాలో ఎప్పుడో ఆడి, అరిగిపోయి, గీతలు పడి మా దాకా వచ్చేవి. వాటికి ఆడవాళ్లు పోరు. పోస్టర్లు కూడా తలవంచుకుని దాటాల్సినవే. ఒక వారం అంటించిన పోస్టరులో ఒక నల్లటి ఆడమనిషి ఉంది. మా చిన్నమ్మ అంత నలుపు. గుండ్రంగా గంప అంత జుట్టు. చేతిలో పిస్తోలు. కోటు గుండీలు సగం విప్పి ఉన్నాయి. బజారులో మగవాళ్లంతా దాని ముందు ఆగి నవ్వుకుని పోయేవాళ్లు.

సరిగ్గా ఆ రోజుల్లోనే అడ్తి సేటు కొడుకు చిన్నమ్మను చూడటానికి ఎక్స్ఛేంజికి వచ్చాడు. వాళ్లది మార్కెట్‌లో రైతుల మిర్చి కమీషన్ మీద అమ్మిపెట్టే పెద్ద వ్యాపారం. వాడు ట్రంక్ కాల్ బుక్ చేసే వంకతో రోజూ చిన్నమ్మతో మాట్లాడేవాడట. పని మాట తప్ప ఇంకోటి చెప్పవద్దని వాళ్లకు రూలు. ఆమె ఆ రూలు దాటలేదు. ఆ రెండు ముక్కలకే వాడు ఏదో ఊహించుకున్నాడు. ఆ రోజు బిల్లు సంగతి అడగాలని లోపలికి వచ్చి, ఆ గొంతు మనిషి ఎవరని వాకబు చేసి, ఆమె కుర్చీ దాకా వచ్చి నిలబడ్డాడు.

"నువ్వేనా?" అన్నాడట. మళ్లీ ఒకసారి కింది నుంచి పైదాకా చూసి, "నువ్వా?" అన్నాడట.

ఆ సాయంత్రం చిన్నమ్మ అమ్మ పక్కన కూర్చుని చెప్పింది. "నేనేదో వాన్ని మోసం చేసినట్టు చూసిండక్కా. నేనేం మోసం చేసిన్నే? నంబర్ చెప్పుండ్రి అన్న, అంతేగద."

మర్నాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. చిన్నమ్మ ముందున్న బోర్డు మీద వాళ్ల దుకాణం నంబరు దీపం వెలిగేది. ఎత్తితే అవతల ముందు ఎవరూ మాట్లాడరు. ఊపిరి వినిపిస్తుంది. వెనక ఇంకెవరో కిసుక్కున నవ్వుతారు. ఆ తర్వాత వాడి గొంతు: "ఏం నల్ల పిస్తోలు, లైన్ కలుపుతవా?" పోస్టరు చూసి పెట్టిన పేరు అది. ఎత్తకపోతే పని చేయలేదని తప్పు. ఎత్తితే అది వినాలి. దీపం వెలిగిన ప్రతిసారీ లైన్ కలిపే తీగ సరైన రంధ్రంలో పెట్టలేకపోయేదాన్నని తర్వాత చెప్పింది.

ఫోన్లతో ఆగలేదు. డ్యూటీ దిగి వస్తుంటే వెనక స్కూటరు చప్పుడు. రిక్షా నిదానంగా పోతే అదీ నిదానంగా, రిక్షా ఆగితే అదీ ఆగి. ముందుకు దాటిపోదు, దగ్గరికీ రాదు. ఆ చప్పుడు మా సందు మొదటిదాకా వచ్చి అక్కడ గురగురమంటూ ఉండేది. నేను కిటికీ పక్కన చదువుకుంటూ ఆ చప్పుడు విని, చిన్నమ్మ లోపలికి వచ్చి గొళ్లెం పెట్టేదాకా పుస్తకంలో ఒక్క అక్షరం చూడలేకపోయేదాన్ని. ఒక ఉదయం లేచేసరికి ఎదురుగోడ మీద బొగ్గుతో ఒక బొమ్మ గీసి ఉంది. గంప జుట్టు, పిస్తోలు, ఒంటి మీద బట్టల్లేవు. కింద మా ఇంటి వైపు బాణం గుర్తు. అమ్మ పేడనీళ్ల బకెట్టు తీసుకుపోయి కొంగుతో రుద్దింది. బొమ్మ పోయింది కానీ బాణం గీత పూర్తిగా పోలేదు.

బాపు ఆ రోజు దుకాణం ఆలస్యంగా తెరిచాడు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్థుడు.

"చూడు పిల్లా," అన్నాడు చిన్నమ్మతో, "వాళ్ల నాయిన మాటంటే మార్కెట్ మొత్తం ఇంటది. మనం చిన్న దుకాణపోళ్లం. కొన్నొద్దులు నౌకరి బందు పెట్టి ఊరికి పో. జర సల్లబడ్డంక మల్ల రావొచ్చు."

చిన్నమ్మ తల ఊపింది. కంచంలో అన్నం కలుపుతున్న చేయి మాత్రం ఆగిపోయింది. బాపు వెళ్లాక అమ్మతో అన్నది, "పోతే మల్ల రానియ్యరక్కా. నాకు ఎర్కే. ఈ నౌకరి పోతే నేను ఏమీ కాను."

ఇంట్లో గిన్నె కింద పడ్డా ఉలిక్కిపడే స్థితికి వచ్చింది. నేనైతే బజారులో ఏ స్కూటరు చూసినా పక్క దుకాణంలోకి తప్పుకునేదాన్ని. అలాంటప్పుడు ఒక శనివారం ఆమె అమ్మను అడిగింది, ఇంకా ఆడుతున్న ఆ పోస్టరు ఇంగ్లీష్ పిక్చర్‌కు పోయివస్తానని.

అమ్మ బిత్తరపోయింది. "ఏమన్న మతి పోయిందానే? అండ్ల మొగోళ్లే ఉంటరు."

"వాళ్లు నన్ను ఎవరి తీర్గ ఉన్న అంటాండ్రో ఒక్కసారి చూడాలె అక్కా. తెల్వకుంటనే భయపడతాన్న. చూస్తే జర తక్కువైతదేమో."

అమ్మ చాలాసేపు ఆలోచించింది. చివరికి నన్ను తోడు తీసుకుపొమ్మని, గుడికి పోయారని బాపుకు తాను చెబుతానని ఒప్పుకుంది. మా అమ్మ బతుకులో నేను విన్న ఒకే ఒక్క అబద్ధం అది.

ఆదివారం పొద్దున టాకీసు దగ్గర ఆడవాళ్ల కౌంటర్ మూసి ఉంది. మగవాళ్ల క్యూ పక్క నుంచి చిన్నమ్మ కిటికీ దగ్గరికి వెళ్తుంటే మాటలు ఆగిపోయాయి. ఆ మౌనం నాకు ఈలల కన్నా భయమేసింది. గేటు దగ్గరి ముసలాయన మమ్మల్ని చూసి గొంతు తగ్గించి అన్నాడు.

"అమ్మా, ఇది ఫ్యామిలీ పిక్చర్ గాదు."

"ఎర్కే తాతా. తలుపు పక్కపొంటి కూసోబెట్టు."

ఆయన మమ్మల్ని బాల్కనీలో చిట్టచివరి వరుసలో, తలుపు పక్క కుర్చీల్లో కూర్చోబెట్టాడు. వెనక గోడే. దీపాలు ఆరిపోయాక ముందు వరుసల్లోంచి తలలు వెనక్కి తిరగడం తెర వెలుగులో కనిపించేది. మా వరుసలోనే ఆ చివర ఒకడు కూర్చుని ఉన్నాడు. కాసేపటికి చూస్తే ఒక కుర్చీ ఇటు జరిగాడు. ఇంకాసేపటికి మరో కుర్చీ. తెర మీద కార్లు గుద్దుకుంటున్నాయి, నేను మాత్రం వాడినే చూస్తున్నాను. చిన్నమ్మ నా చేయి పట్టుకుంది. ఇంతలో తలుపు దగ్గరి నుంచి ముసలాయన టార్చిలైటు వెలుగు వాడి ముఖం మీద పడి అక్కడే నిలిచింది. వాడు లేచి ముందుకు పోయాడు.

ఆ తర్వాతే నేను సినిమా చూడగలిగాను. నాకు మాటలు అర్థం కాలేదు, చిన్నమ్మకు కొద్దికొద్దిగా తెలిసేవి. కథ పెద్దదేం కాదు. ఒక పేదల వాడను ఖాళీ చేయించాలని గూండాలు ఇళ్లు కాలబెడుతుంటారు. సిటీ బస్సు నడిపే ఒక ఆడమనిషి వాళ్లకు ఎదురు తిరుగుతుంది. ఆ పోస్టరు మనిషే ఆమె. తన్నింది, కాల్చింది, మేడ మీంచి దూకింది. కొట్టే ముందల్లా ఏదో వంకతో ఆమె కోటు జారిపోయేది. అప్పుడు హాలంతా ఈలలు. ఆమె కొట్టడం మొదలుపెట్టగానే ఈలలు ఆగేవి. చిన్నమ్మ ఆ కోటు జారినప్పుడల్లా తల దించుకుని, దెబ్బల చప్పుడు మొదలయ్యాక మళ్లీ తలెత్తేది.

చిన్నమ్మకు ఏడుపొచ్చింది మాత్రం ఫైటింగులో కాదు. నడుమ ఒక చిన్న ముక్క ఉంది. ఆ బస్సు డ్రైవరమ్మ ఇంట్లో అందరూ భోజనాలకు కూర్చుంటారు. అవ్వ నల్లగా ఉంది, పిల్లలు నల్లగా ఉన్నారు. కాలిన చేతికి కట్టు కట్టడానికి వచ్చిన డాక్టరు నల్లగా ఉన్నాడు. పక్కింటి పంతులమ్మ నల్లగా ఉంది. ఒకరినొకరు ఏదో ఆటపట్టించుకుంటూ తింటున్నారు. అంతే ఆ సీను. హాల్లో మగవాళ్లు విసుగ్గా కుర్చీలు చప్పుడు చేశారు. పక్కకు తిరిగి చూస్తే చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"డాక్టర్ సుత నల్లగనే ఉన్నడు, చూసినవా," అన్నది నా చెవిలో. "ఇంటినిండా మనసొంటోళ్లే. ఒక్కలను సుత నవ్వులాటకు పెట్టలే."

ఆట అయిపోకముందే లేచి బయటికి వచ్చేశాం, జనం రాకముందే పోదామని. కానీ ఎవరు చేరవేశారో, టాకీసు ఎదుట స్కూటరు నిలబెట్టుకుని ఆ సేటు కొడుకు ఉన్నాడు. పక్కన ఇద్దరు స్నేహితులు.

"వచ్చిందిరా నల్ల పిస్తోలు," అన్నాడు. "ఏది, పిస్తోలు ఏడ దాసినవ్?"

చిన్నమ్మ నా చేయి పట్టుకుని నడక మొదలుపెట్టింది. మేం వేగం పెంచితే వాళ్లూ పెంచారు. స్కూటరు ఇంజను ఆపి తోసుకుంటూ వస్తున్నారు. చెప్పుల చప్పుడు వెనకే, చాలా దగ్గరగా. ఎండ బాగా ఉంది, బజారు నిండా మనుషులున్నారు, దుకాణాలు తెరిచి ఉన్నాయి. ఎవరూ మా వైపు చూడనట్టే ఉన్నారు. పట్టపగలు అంతమంది నడుమ అంత ఒంటరిగా ఉండొచ్చని నాకు అంతవరకు తెలియదు. రోడ్డు దాటుతుండగా వాడు చేయి చాచి చిన్నమ్మ కొంగు పట్టుకున్నాడు. గట్టిగా లాగలేదు. పట్టుకుని, నవ్వుతూ, అలా ఉంచాడు.

చిన్నమ్మ వెనక్కి తిరిగి కొట్టలేదు. అరవలేదు. ఉన్నచోటే, రోడ్డు నడిమధ్యలో, కూలబడిపోయింది. నా చేయి ఆమె చేతిలోనే ఉండటంతో నేనూ మోకాళ్ల మీద పడ్డాను. ఎదురుగా వస్తున్న బస్సు కీచుమని బ్రేకు వేసి మా ముందు ఆగింది. ఇంజను వేడి నా ముఖానికి తగిలింది. వెనక లారీ ఆగింది, ఎడ్లబండ్లు ఆగాయి. హారన్లు. డ్రైవరు కిందికి దూకాడు, కండక్టరు వచ్చాడు, మిర్చి తొడిమెలు తీసే పనికి పోతున్న కూలి ఆడవాళ్లు బస్సులోంచి దిగి మా చుట్టూ నిలబడ్డారు.

"ఏమైంది బిడ్డా? లేవరాదే," అన్నది ఒకామె.

చిన్నమ్మ నోరు తెరిచింది. గొంతు రాలేదు. వాడు ఇంకా కొంగు వదిలిపెట్టలేదని అప్పుడు అందరూ చూశారు. వాడికి కూడా అప్పుడే గుర్తొచ్చినట్టుంది, వదిలేశాడు.

"మేమేం అనలే. ఊకె నవ్వులాటకు," అన్నాడు.

"కొంగు పట్టుకునుడు నవ్వులాటనారా?" అన్నది ఆ కూలి ఆమె. "ఎవని కొడుకువురా నువ్వు?"

దానికి జవాబు చెప్పింది చిన్నమ్మ. రోడ్డు మీద కూర్చునే, వణుకుతూనే, ఎక్స్ఛేంజిలో మాట్లాడే ఆ గొంతుతోనే, వాడి పేరు, వాడి తండ్రి పేరు, దుకాణం పేరు, ఫోన్ నంబరు ఒకదాని తర్వాత ఒకటి చెప్పింది. బజారులో అందరికీ వినిపించింది. కొన్ని దుకాణాల్లోంచి సేట్లు గద్దెల మీది నుంచి లేచి తొంగిచూశారు. రోజూ తాము వినే గొంతు ఎవరిదో వాళ్లకు ఆ రోజు తెలిసింది.

వాళ్లు స్కూటరు తోసుకుంటూ సందులోకి పోయారు. కూలి ఆడవాళ్లు మమ్మల్ని ఇంటిదాకా దిగబెట్టి, పనికి ఆలస్యమైందని తిట్టుకుంటూ పరుగున పోయారు.

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. సంగతి బాపుకు తెలిసిపోయింది. గుడి అబద్ధం కూడా తెలిసింది. ఆయన ఎవరినీ తిట్టలేదు, తలుపు దగ్గర కూర్చుని వచ్చేపోయే ప్రతి అడుగు చప్పుడుకీ తలెత్తి చూస్తూ ఉండిపోయాడు. వాళ్లు మనుషుల్ని పంపిస్తారనీ, దుకాణం పగలగొడతారనీ అందరం ఎదురుచూశాం. మర్నాడు అడ్తి సేటే స్వయంగా వచ్చాడు. ఒక్కడే. గద్దె మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన చాయ్ తాగాడు. మేం తెర వెనక ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.

"మావోనికి చెప్పిన. ఇగ మీదికెళ్లి మీ పిల్ల జోలికి రాడు," అన్నాడు. "మీరు సుత పిల్లను గసొంటి సినిమాలకు పంపకుండ్రి."

తప్పయింది అనలేదు. బాపు రెండు చేతులూ జోడించాడు. తండ్రి అన్నట్టే ఆ తర్వాత ఫోన్లు రాలేదు, స్కూటరూ రాలేదు. చిన్నమ్మ నౌకరీకి పోతూనే ఉంది. కానీ భయం ఆమెను విడిచిపోలేదు. ఏ గదిలోకి వెళ్లినా తలుపు కనబడే చోటే కూర్చునేది. వెనక ఎవరైనా నడుస్తుంటే ఆగి, వాళ్లు దాటిపోయాకే కదిలేది.

మా చుట్టాల్లో ఆ కథ పెరిగింది. నడిరోడ్డు మీద బస్సును ఆపిన ధైర్యవంతురాలని చెప్పుకునేవాళ్లు. చిన్నమ్మ ఒప్పుకునేది కాదు. "నేను కూసోలే. కాళ్లు పడిపోయినయ్. ధైర్యం గాదు అది, భయమే," అనేది. ఆ ఇంగ్లీష్ పిక్చర్ గురించి అడిగితే కూడా ఇంతే తేటగా చెప్పేది. "కొట్టుడైతే మంచిగ కొట్టింది. గని కొట్టే ముందు ఆమె కోటెందుకు ఇప్పిచ్చిన్రు? ఆమెను మొగోళ్ల కోసమే తీసిన్రు బిడ్డా. అండ్ల ఆ బువ్వ తినే ముక్క మాత్రం, ఎట్ల మిగిలిందో గని, మనకోసం మిగిలింది."

ఎనభైల్లో వీసీఆర్ అద్దెకు తెచ్చుకుని ఇంట్లో సినిమాలు చూసే కాలం వచ్చింది. అప్పటికి తెలుగులో కూడా ఆడవాళ్లు ప్యాంట్లు వేసుకుని గూండాలను తన్నే సినిమాలు వరసగా వచ్చాయి. మేం చప్పట్లు కొడుతుంటే చిన్నమ్మ తలుపు పక్కన కూర్చుని చూసేది. "తన్నెటామె తెల్లగనే ఉన్నది, తన్నులు తినెటోడు నల్లగనే ఉన్నడు," అని లేచి వంటింట్లోకి పోయేది.

అప్పటికి ఆమెకు పెళ్లయింది. తనతో పనిచేసే మెతక మనిషిని చేసుకుని హన్మకొండలో కాపురం పెట్టింది. కూతురు పుట్టింది, తల్లి రంగే. ఆ పిల్ల బడిలో వార్షికోత్సవానికి నాటకం వేస్తున్నారు. ఈ పిల్లకు రాక్షసి వేషం ఇచ్చారు. పిల్ల సంబరంగానే చెప్పింది. చిన్నమ్మకు ఆ రోజు జ్వరం వచ్చింది. మర్నాడు నన్ను తోడు రమ్మంది, అప్పటికి నా డిగ్రీ చదువు అయిపోయింది.

బడి గేటు దగ్గర ఆమె చాలాసేపు ఆగిపోయింది.

"నేను మాట్లాడనా చిన్నమ్మా?" అన్నాను.

"వద్దు. భయం పోయినంక పోదామంటే ఎన్నడూ పోలేం బిడ్డా. దాన్ని ఎంబడి తోలుకునే పోవాలె."

లోపలికి వెళ్లి టీచరుతో అన్నది, "మా పిల్లకు ఇంకో వేషం ఇయ్యుండ్రి మేడం."

"పిల్లలది, అందులో ఏముందండీ. మీ పాపకైతే మేకప్ కూడా పెద్దగా అవసరం లేదని ఇచ్చాం," అన్నది ఆ టీచరు. మంచి మనిషే, నవ్వుతూనే అన్నది.

"అందుకే అడుగుతాన్న," అన్నది చిన్నమ్మ.

టీచరు నవ్వు ఆగిపోయింది. కాసేపు చిన్నమ్మనూ, తలుపు దగ్గర నిలబడ్డ పిల్లనూ మార్చిమార్చి చూసింది. చివరికి ఆ పిల్లకు తెర ముందుకు వచ్చి కథ చెప్పే పని ఇచ్చారు. పౌడరు కూడా రాయకుండా, మామూలు గౌనుతో వచ్చి, తల్లి గొంతుతో కథంతా చెప్పింది. పందిరి గుంజను గట్టిగా పట్టుకుని చిన్నమ్మ చివరిదాకా నిలబడే విన్నది.

చిన్నమ్మ పోయాక, దినాల ముందు, గోడకు పెట్టే ఫోటో కోసం నేనూ, నాకు చెల్లెలి వరసయ్యే ఆమె కూతురూ ఫోటో దుకాణానికి వెళ్లాం. పెద్దది చేసి సిద్ధంగా ఉంచారు. చూసి ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ముక్కు ఆమెదే, బొట్టు ఆమెదే. ముఖం మాత్రం గోధుమ రంగులోకి తిరిగి, బుగ్గలు మెరుస్తున్నాయి. అందరికీ అలాగే చేస్తామనీ, బాగుంటుందనీ దుకాణంవాడు అన్నాడు.

"ఈమె మా అమ్మ కాదు," అన్నది చెల్లెలు. "ఎట్లుండెనో అట్ల చెయ్యన్నా."

అతను కంప్యూటర్ ముందు కూర్చుని ఆ బొమ్మ తెరిచాడు. మేం వెనక నిలబడ్డాం. తెర మీద ఆ ముఖం కొద్దిగా నల్లబడింది. "ఇంత చాలా?" అని అతను అడిగాడు. చాలదన్నాం. ఇంకొంచెం నల్లబడింది. మెరుపు పోయింది, కళ్ల కింది గుంటలు తేలాయి, ఎవరో తలుపు తోసుకుని వస్తారేమోనన్నట్టు పక్కకు చూసే ఆ చూపు బయటికి వచ్చింది. ఇంకా, ఇంకా అంటూ చెల్లెలు చెబుతూనే ఉంది. ఆ ముఖం నల్లబడుతూ, నల్లబడుతూ, మా చిన్నమ్మ అయింది.